కర్రితో గుట్టెక్కుదాం, రండి

తాడు మీరు పట్టుకోండి. ఈ పూటకు కర్రి మీ కుక్క. నేను పక్కన నడుస్తూ మధ్యమధ్యలో విసిగిస్తుంటాను, అంతే.

ఏప్రిల్ మొదటి ఆదివారం, పొద్దున ఐదూ నలభై. హైదరాబాదు పడమటి కొసన, ఖాజాగూడ గుట్టల కింద రోడ్డు పక్కన కారు ఆపాం. సూర్యోదయానికి ఇంకా అరగంట ఉంది. ఎత్తయిన టవర్ల నెత్తిన ఎర్ర దీపాలు ఇంకా వెలిగి ఆరుతున్నాయి. గాలిలో వేపపూత వాసన, దాని కిందే రాత్రి ఎవరో తగలబెట్టిన చెత్త వాసన. కర్రి వెనక సీట్లో గిరగిరా తిరుగుతోంది. కిటికీ అద్దం మీద దాని ముక్కు తడి మరకలు. తలుపు తీసెయ్యాలని మీకూ ఉంటుంది, పాపం అంత ఆత్రపడుతోంది కదా అని. ఆగండి. ముందు తాడు తగిలించండి, తరవాతే తలుపు. ఈ రోడ్డు మీద తెల్లవారుజామున నీళ్ళ ట్యాంకర్లు ఎలా పోతాయో మీకు తెలుసు.

తగిలించాల్సింది మెడపట్టీకి కాదు, ఛాతీ చుట్టూ ఉన్న హార్నెస్‌కి. కర్రిది మన వీధికుక్క జాతి, 18 కిలోలుంటుంది. బండ మీద కాలు జారిందంటే ఆ బరువంతా మెడకు పడితే గొంతు నలిగిపోతుంది. హార్నెస్ అయితే బరువు ఛాతీ మీద సర్దుకుంటుంది. పైగా వీపు మీద పిడి ఉంది, అవసరమైతే పట్టుకుని ఎత్తొచ్చు. తాడు ఆరడుగులది, మామూలు నైలాను పట్టీ. మీట నొక్కితే ఇరవై అడుగులు సాగే డబ్బా తాళ్ళు కొంటుంటారు కదా, అవి గుట్టకు పనికిరావు. బండ మలుపు తిరిగేసరికి కుక్క అవతల ఉంటుంది, మీరు ఇవతల ఉంటారు, మధ్యలో ఎవరి కాళ్ళో చిక్కుకుంటాయి.

సంచీ చూడండి. మూడు లీటర్ల నీళ్ళు, సగం మనకి, సగం దానికి. ఇంట్లో ఫ్యాను కింద పడుకున్న కుక్కకే కిలోకి 50-60 మిల్లీలీటర్ల చొప్పున రోజుకు నీళ్ళు కావాలి. కర్రికి లీటరు అన్నమాట, అదీ కదలకుండా ఉంటే. మడతపెట్టే గిన్నె, నాలుగు ప్లాస్టిక్ కవర్లు, చిన్న చిమటా, దూది, కట్టు గుడ్డ, పాత తువ్వాలు. రాత్రి పెరుగన్నం తిన్నదే, పొద్దున రెండు బిస్కెట్లు తప్ప ఏమీ పెట్టలేదు. కడుపునిండా తిని ఎగిరి దూకితే, ముఖ్యంగా ఛాతీ లోతుగా ఉన్న పెద్దజాతి కుక్కల్లో, కడుపు ఉబ్బి మెలిపడే ప్రమాదం ఉందని పశువైద్యులు హెచ్చరిస్తారు.

మా అపార్ట్‌మెంట్ కుర్రాడు రాత్రి ఫోన్ చేశాడు. "ఆంటీ, మా బుజ్జిగాణ్ణి కూడా తీసుకురానా? ఇంట్లో బోర్ కొడుతోంది వాడికి." వద్దన్నాను. బుజ్జిగాడు పగ్. 2003లో హచ్ ఫోన్ ప్రకటనలో పిల్లవాడి వెంట తిరిగిన కుక్కను చూసి దేశమంతా పగ్‌ల మీద పడింది. ఆ చప్పిడి ముక్కుతో అది మెట్లెక్కితేనే గురక పెడుతుంది. కుక్కకు ఒళ్ళంతా చెమట పట్టదు, కాస్త పాదాల్లో పడుతుందంతే. నోరు తెరిచి ఒగరుస్తూ, నాలుక మీది తడి ఆవిరైతేనే దాని ఒళ్ళు చల్లబడేది. ముక్కూ గొంతూ ఇరుకైన జాతికి ఆ ఒక్క దారీ సగం మూసుకుపోయినట్టే. "సాయంత్రం పార్కుకు తీసుకెళ్ళు నాన్నా" అన్నాను. వాడు అలిగాడు. అలగనివ్వండి.

ఇక నడుద్దాం. మొదటి యాభై గజాలే అన్నిటికంటే చికాకు.

గుట్ట మొదట్లో చెత్తకుప్ప, దాని చుట్టూ ఐదారు కుక్కలు. వాటి ఇల్లది. మనం వాటి వాకిట్లోకి ఒక కొత్త కుక్కను తెస్తున్నాం. ఒకటి లేచి నిలబడింది, మెడ మీది వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. కర్రి తోక బిర్రబిగిసింది, చూశారా? తాడు దగ్గరకు లాక్కోండి, కానీ బిగపట్టకండి. మీ చేతిలోని బిగువు తాడు వెంట దానికి తెలిసిపోతుంది. దానికీ ఆ గుంపుకీ మధ్య మీరుండండి. కళ్ళలోకి చూడొద్దు, పరుగెత్తొద్దు, రాయి కోసం వంగొద్దు. కొంచెం చుట్టు తిరిగి, ఒకే వేగంతో వెళ్ళిపోదాం. ముందు నడిచే పెద్దాయన బిస్కెట్ పాకెట్టు చించి వాటి ముందు గుమ్మరిస్తున్నాడు. పుణ్యమే, కాదనను. కాకపోతే పొద్దున్నే మనుషులు నడిచే దారి మధ్యలో రోజూ తిండి పెడితే ఆ దారి వాటి కాపలా కిందికి వస్తుంది. పక్కకు, దూరంగా పెడితే ఆయన పుణ్యం తగ్గేదేం లేదు.

ఇప్పుడు కాళ్ళ కింద చూసుకోండి. టార్చి కిందికి పట్టండి. తళుక్కుమంటున్నవి రాళ్ళు కావు, పగిలిన బీరుసీసాలు. శనివారం రాత్రి ఇక్కడ కూర్చున్నవాళ్ళు ఆదివారం పొద్దుటికి మనకు మిగిల్చిన ఆస్తి. మనకు చెప్పులున్నాయి, కర్రికి లేవు. గాజు ముక్క దిగితే అది వెంటనే కుంటదు, ఉత్సాహంలో పావుగంట అలాగే నడిచేస్తుంది, రక్తం చూశాకే మనకు తెలుస్తుంది. ఆ పక్కన సర్కారు తుమ్మ కొమ్మలు, నేల మీద ఎండిన పల్లేరు కాయలు. దాన్ని బండ మీదుగానే నడిపించండి.

బండ మొదలైంది. చెయ్యి పెట్టి చూడండి, ఎంత చల్లగా ఉందో. రాత్రంతా గాలికి చల్లారిన రాయి. దక్కను గ్రానైటు ఇది, దాదాపు 250 కోట్ల ఏళ్ళ నాటిది. ఒకదాని మీద ఒకటి ఎవరో ఎత్తిపెట్టినట్టున్న ఈ గుండ్లను ఎవరూ పెట్టలేదు. పగుళ్ళ వెంట రాయి అరిగి అరిగి మధ్యలో మిగిలిన గడ్డలివి. వీటిని క్వారీల నుంచి, ప్లాట్ల నుంచి కాపాడాలని హైదరాబాదులో 1996 నుంచి సొసైటీ టు సేవ్ రాక్స్ పనిచేస్తోంది. కర్రికి ఈ చరిత్ర ఏం పట్టలేదు. ముక్కు పగులులో పెట్టింది.

తియ్యండి. నెమ్మదిగా, కానీ ఇప్పుడే. ఏ పగులులో ఏముందో మనకు తెలీదు. తొండ కావచ్చు, తేలు కావచ్చు, పింజర కావచ్చు. మన కళ్ళు పనిచేసేచోట కుక్క ముక్కు పెడుతుంది. అందుకే కుక్కలకు పాముకాట్లు ఎక్కువగా మూతి మీదా ముందుకాళ్ళ మీదా పడతాయి. కాటు పడితే కట్టు బిగించడం, గాటు పెట్టడం, మంచు పెట్టడం ఏవీ వద్దు. నడవనివ్వకుండా ఎత్తుకుని దిగి, పాము విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి వెళ్ళడమే. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, ఈ నాలుగింటికీ కలిపి మనుషులకు వాడే సీరమే కుక్కలకూ వాడతారు. కానీ అన్ని పశువుల క్లినిక్కుల్లోనూ అది నిల్వ ఉండదు. ఎక్కడుందో శనివారమే ఫోన్ చేసి కనుక్కోవాలి. నేను కనుక్కున్నాను, నంబరు మీ ఫోన్లోకి కూడా పంపాను.

ఎవరో వస్తున్నారు. ముందు మాటలు, తరవాత మనుషులు. ఒక కుటుంబం, నాలుగేళ్ళ పాప, తెల్ల కుర్తా తొడుక్కున్న తాతగారు. ఈ గుట్టల్లో ఫక్రుద్దీన్ ఔలియా దర్గా ఉంది, గుడీ ఉంది. పొద్దున్నే రెండింటికీ జనం వస్తారు. పాప కర్రిని చూసి తల్లి కాళ్ళ వెనక్కి పోయింది. ఇప్పుడు మీ నోటి చివరకు ఒక వాక్యం వచ్చి ఉంటుంది, నాకు తెలుసు. "మా కుక్క ఏమీ అనదండీ." కుక్కలున్న ప్రతివాళ్ళూ అనే మాటే. దాన్ని మింగెయ్యండి. ప్రపంచంలో రేబిస్ చావుల్లో 36 శాతం మన దేశంలోనే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఆ పాప భయానికి అర్థం లేకపోలేదు. భయపడేవాళ్ళకు మన భరోసా కంటే దూరం ముఖ్యం.

పక్కకు తప్పుకోండి, పల్లం వైపుకు. దాన్ని కూర్చోబెట్టండి. తాడు చేతికి ఒక చుట్టు తిప్పి, వాళ్ళకూ దానికీ మధ్య మీరు నిలబడండి. తాతగారి కుర్తాకు దాని మూతి తగిలితే ఆయన ఆ బట్టలు ఉతుక్కుంటే తప్ప నమాజుకు నిలబడరు. గుడికి తడిబట్టతో వెళ్ళే మా అత్తయ్య అయితే మళ్ళీ స్నానానికి వెనక్కి తిరిగేది. ఇష్టపడ్డా పడకపోయినా అది వాళ్ళ నియమం, ఈ దారి వాళ్ళది కూడా. తాతగారు దాటుతూ తల ఊపారు. "షుక్రియా బేటా." పాప తల్లి భుజం మీద నుంచి వెనక్కి చూసి, "దాని పేరేంటి?" అంది. చెప్పండి. పేరు చెప్పడానికి తాడు వదలక్కర్లేదు.

తూర్పున ఎరుపు తిరిగింది. బండల మధ్య ఎండుగడ్డి, ఆకులు రాలిన సీతాఫలం పొదలు. ఉన్నట్టుండి తల మీద అరుపు. ఒక పిట్ట, పొడుగు పసుపు కాళ్ళు, కళ్ళ దగ్గర ఎర్రటి తోలు, మన మీదికే దూసుకొస్తోంది. తీతువు. అది కూస్తే అపశకునమని మా ఊళ్ళో అనేవాళ్ళు. ఇప్పుడు దాని వైపు నుంచి చూస్తే మనమే అపశకునం. మార్చి నుంచి వానలదాకా ఇది గుడ్లు పెట్టే కాలం. గూడంటూ కట్టదు, బట్టనేల మీద చిన్న గుంట, చుట్టూ నాలుగు గులకరాళ్ళు, మధ్యలో గులకరాళ్ళ రంగే ఉన్న గుడ్లు. మీ కంటికి కనబడవు. కర్రి ముక్కుకు నిమిషంలో దొరుకుతాయి. అందుకే తాడు, మరేం కాదు. తాడు లేని కుక్క పిట్టను చంపకపోయినా, తల్లి గుడ్ల మీద నుంచి లేచి అరగంట అరుస్తూ తిరిగితే చాలు, ఆ ఎండకు గుడ్లు పోతాయి. అటు ఏటవాలుగా మళ్ళిద్దాం. అదుగో, అరుపు తగ్గింది. కౌజులు కూడా ఈ గడ్డిలోనే ఉంటాయి. నెమళ్ళ అరుపు లోయవైపు నుంచి వినబడుతూనే ఉంది.

కర్రి ఆగింది. గుండ్రంగా తిరుగుతోంది. కవరు తియ్యండి.

చేతికి తొడుక్కుని ఎత్తి, తిరగేసి ముడి వెయ్యండి. అడవే కదా, మట్టిలో కలిసిపోతుంది అంటారు కొందరు. మేకపేడా ఉందిగా ఇక్కడ, దీనికేం అంటారు. మేక ఇక్కడి గడ్డి తిని ఇక్కడే వేస్తుంది. మన కుక్క కొన్న తిండి తిని వచ్చి వేస్తుంది, దాంతో పాటు కడుపులోని పురుగుల గుడ్లు కూడా. ఒకరకం బద్దెపురుగు ఉంది. దాని గుడ్లు కుక్క పెంటలో నుంచి గడ్డికంటి, మేక కడుపులోకి వెళ్ళి, కాలేయంలో, ఊపిరితిత్తుల్లో నీటితిత్తులు కడతాయి. మనుషులకూ కడతాయి, ఆపరేషన్ దాకా పోతుంది. పచ్చి పేగులూ కాలేయం తినే కుక్కల్లో ఆ పురుగు చేరుతుంది. మాంసం కొట్ల దగ్గర ఏరుకు తినడం అలవాటున్న కుక్క అయితే డాక్టరునడిగి పురుగుల మందు వేళకు వేయించాల్సిందే. ఇక ఇంకో జాతి పెద్దమనుషులున్నారు. ఎత్తి, ముడి వేసి, ఆ నీలం కవరును బండ మీద పెట్టి, "దిగేటప్పుడు తీసుకుంటా" అని వెళ్తారు. అలాంటి కవర్లు పైకెళ్ళేలోగా ఇంకా కనబడతాయి మీకు. ఎత్తకపోతే వానకన్నా కరిగేది. మీ కవరు సంచీ పక్క అరలో పెట్టుకోండి. వాసన రాదు, రెండు ముళ్ళు వెయ్యండి.

గజ్జెల చప్పుడు. మేకలు.

గుట్ట మలుపులో ముప్పై నలభై మేకలు, వెనక తలపాగా చుట్టుకున్న కాపరి, ఆయన వెనక ఆయన కుక్క. కర్రి చెవులు ముందుకు వచ్చాయి. ఒళ్ళంతా బిగుసుకుంది. ఇది దాని మంచితనానికి సంబంధించిన సంగతి కాదు. పరుగెత్తేదాని వెనక పరుగెత్తడం కుక్క పుట్టుకలోనే ఉంది.

"ఓ అమ్మా, జర ఆ కుక్కను గట్టిగ పట్టుకోండ్రి" అని అరిచాడాయన. "నాలుగు మేకలు సూడితోటి ఉన్నయ్. బెదిరి ఉరికితే ఈసుకపోతయ్."

"పట్టుకున్నాం తాతా, నువ్వు తోలుకో."

బండ వెనక్కి వెళ్ళి దాని ముఖం మీ వైపుకు తిప్పుకోండి. బిస్కెట్ ముక్క చూపించండి. ఈ పూటలో లంచం ఇవ్వడానికి ఇదే అదను. ఒక్కొక్కటే దాటుతున్నాయి, డెక్కల చప్పుడు రాయి మీద టకటకమంటోంది, చివరిది ఆగి కర్రినే చూసి, ఫుర్రుమని పోయింది. కాపరి కుక్క మనవైపు తిరిగి కూడా చూడలేదు. దానికి పనుంది. "మీదే మంచిదమ్మా" అన్నాడు తాత పోతూ, కర్రిని చూపిస్తూ. "పోయిన వారం ఒకాయన ఇడిసిపెట్టిండు. రెండు మేకలు గుండు మీదికెల్లి పడ్డయ్." ఒక మేక ధర ఈ రోజుల్లో ఎంతో తెలిసినవాళ్ళకు ఆ మాట బరువు అర్థమవుతుంది. ఆ ఒకాయన పైసలిచ్చాడా అని అడిగాను. తాత నవ్వాడు.

ఏడు కావస్తోంది. ఎండ పడింది. ఎక్కడం కుక్కకు తేలిక, ఇది గుర్తుంచుకోండి. దాని బరువులో అరవై శాతం దాకా ముందుకాళ్ళ మీదే ఉంటుంది, ఎక్కేటప్పుడు ఆ బరువు వెనక్కి జరిగి సర్దుకుంటుంది. దిగేటప్పుడు మొత్తం ముందు భుజాల మీద, మణికట్ల మీద పడుతుంది. కాబట్టి ఒక బండ ఎక్కించే ముందే, దీన్ని ఇక్కడి నుంచి దింపగలనా అని మీరు లెక్క వేసుకోవాలి. అది వేసుకోదు. ఇదిగో ఈ మెట్టు, నడుమెత్తు ఉంది. ముందు మీరెక్కండి. తాడు వదులుగా. దాన్ని పైకి లాగకండి, అదే చూసుకుని దూకుతుంది. దూకింది. గోళ్ళు రాయి మీద గీసుకున్న చప్పుడు విన్నారా?

నీళ్ళు తాగించండి. గిన్నెడు కాదు, నాలుగు గుక్కలు. మళ్ళీ పది నిమిషాలకు ఇంకో నాలుగు.

ఇక్కడి నుంచి శిఖరం కనబడుతోంది. ఇంకో నలభై అడుగులు, నున్నటి ఏటవాలు. ఆ పైన ఒక జంట, కొస అంచున తమ బీగిల్‌ను కూర్చోబెట్టి రీల్ తీసుకుంటున్నారు. తాడు కనబడకుండా పక్కన పెట్టేశారు, వీడియోలో బాగుండదని. వాళ్ళ కింద, ఒరిగిన గుండు పొట్టన, నల్లటి పట్టు చూడండి. బారెడు పొడుగుంది. కొండ తేనెటీగలు. కదలకుండా ఉన్నట్టుంది గానీ, చూస్తూ ఉంటే ఆ నలుపు మీద అల పరిగెడుతుంది. అక్కడ కుక్క మొరిగితే, ఎవరైనా సిగరెట్ వెలిగిస్తే, అవి లేస్తే, మనిషి పరుగెత్తైనా దిగుతాడు. కొస అంచున కూర్చోబెట్టిన కుక్క ఏం చేస్తుంది?

కర్రి నాలుక చూడండి. ఇందాక సన్నగా ఉంది, ఇప్పుడు చివర వెడల్పై, అంచులు పైకి మడతపడ్డాయి. ఒగర్పు వేగం పెరిగింది. నీడ కనబడితే అటు లాగుతోంది. ఇంకా ఏ ప్రమాదమూ లేదు. కానీ నల్ల కుక్క, ఎండ దాని వీపు మీదే పడుతోంది, చెయ్యి పెట్టి చూడండి, మీ చొక్కా కంటే వేడిగా ఉంది. నీళ్ళు సగం అయిపోవచ్చాయి.

వెనక్కి తిరుగుదాం.

మీ ముఖం నాకు కనబడుతోంది. నలభై అడుగులే కదా. నిజమే. అయితే ఆ నలభై అడుగులు ఎవరికి కావాలి? శిఖరమనే సంగతి కర్రికి తెలీదు. దానికి కావలసిన వాసనలన్నీ దార్లోనే దొరికాయి. పైకెళ్ళి ఊరంతా చూడాలన్న కోరిక, ఫోటో, ఎక్కేశామన్న తృప్తి, ఇవన్నీ మనవి. మనం ఆగమంటే అది ఆగుతుంది, పదమంటే ఒళ్ళు కాలుతున్నా నడుస్తుంది. వద్దు అనడం దానికి రాదు. తాడు చేతిలో ఉన్నవాళ్ళే దాని బదులు వద్దనాలి. నాకు గుట్టలంటే ఇష్టం. ఒంటరిగా వచ్చిన రోజున పైదాకా వెళ్తాను, కుక్కతో వచ్చిన రోజున దాని నాలుక ఎక్కడ ఆపితే అక్కడే ఆగుతాను.

ఇక్కడి నుంచి చూసినా చాలా కనబడుతుంది. అదిగో ఆగ్నేయాన మంచుపొరలో గోల్కొండ కోట, దాని పక్కన కుతుబ్‌షాహీ సమాధుల గుమ్మటాలు. ఆ కోట పురావస్తు శాఖ కింద ఉంది, అలాంటి కట్టడాల్లోకి జంతువులను తేవడం నిషేధం. కేబీఆర్ పార్కులోకీ కుక్కను తేకూడదు. నల్లమలలో అమ్రాబాద్ పులుల అడవి సంగతి చెప్పనే అక్కర్లేదు. అక్కడ గేటు దగ్గర సిబ్బందితో వాదించేవాళ్ళను చూశాను, టీకాలన్నీ వేయించామండీ అని. ఎందుకు రానివ్వరంటే, 1994లో ఆఫ్రికాలోని సెరెంగెటిలో సింహాల్లో మూడో వంతు చచ్చిపోయాయి. కారణం కుక్కలకు వచ్చే డిస్టెంపర్ వైరస్. 2018లో మన గిర్ అడవిలో సింహాలు వరసగా కూలినప్పుడు పరీక్షల్లో బయటపడిందీ అదే. ఆ అడవులు మన కుక్కవి కావు. ఊరి అంచున ఇలాంటి గుట్టలున్నాయి, ఇవి చాలు.

దిగుదాం. ఇందాకటి మెట్టు దగ్గర హార్నెస్ పిడి పట్టుకోండి, రెండో చెయ్యి పొట్ట కింద పెట్టి, దూకనివ్వకుండా దించండి. శభాష్.

ఎనిమిదైంది. ఇప్పుడు వచ్చేవాళ్ళు ఎదురవుతున్నారు. పరుగు బట్టల్లో ఇద్దరు పిల్లలు, ఇరవై నాలుగు, ఇరవై అయిదేళ్ళుంటాయి, వాళ్ళతో హస్కీ. నీలికళ్ళు, రెండు పొరల బొచ్చు, సైబీరియా మంచులో బండ్లు లాగడానికి పుట్టిన జాతి. పరుగెత్తుతూ పైకి పోయారు. నేనేమీ అనలేదు. అడగనిదే సలహా ఎలా ఇస్తాం? పావుగంటకు, మనం గుండు నీడలో ఆగి నీళ్ళు తాగుతుంటే, పైనుంచి ఆ అమ్మాయి గొంతు. "ఆంటీ! ఒక్క నిమిషం రారా? మా వాడు లేవట్లేదు!"

తాడు నాకివ్వండి, సంచీ తీసుకుని మీరు ముందు వెళ్ళండి.

హస్కీ బండ పక్కన ఒరిగి పడుంది. ఒగర్పు రంపం కోసినట్టు వినబడుతోంది. చిగుళ్ళు ఇటుక ఎరుపు, మూతి నుంచి తీగల్లా చిక్కటి జొల్లు. లేవబోయింది, వెనక కాళ్ళు తడబడి మళ్ళీ పడిపోయింది. అబ్బాయి దాని నోట్లో నీళ్ళు పోస్తున్నాడు. ఆపించండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. "ఎత్తుకుని పరుగెత్తి కారెక్కిద్దాం అన్నా" అంటున్నాడు మీతో. ముందు చల్లబరచాలి, తరవాతే ప్రయాణం. కుక్క ఒంటి వేడి మామూలుగా 101-102.5 డిగ్రీల ఫారెన్‌హీట్. 105 దాటితే గండం మొదలైనట్టే, పైకి పోయే కొద్దీ కిడ్నీలూ, పేగులూ, రక్తం గడ్డకట్టే తీరూ దెబ్బతింటాయి. ఎంతసేపు ఆ వేడిలో ఉంటే అంత నష్టం.

నీడలోకి లాగండి. మన దగ్గర మిగిలిన నీళ్ళన్నీ తియ్యండి. పొట్ట కింద, తొడల సందుల్లో, చంకల్లో, పాదాల మీద, బొచ్చు విడదీసి చర్మానికి తగిలేలా పొయ్యండి. వీపు మీద పోస్తే ఆ బొచ్చులోకి దిగనే దిగదు. అమ్మాయి టోపీతో విసురుతోంది, మంచి పని. తడి, దాని మీద గాలి, రెండూ కావాలి. తువ్వాలు తడిపి కప్పేస్తే లోపలి వేడి లోపలే ఆగుతుంది, అందుకని తుడుస్తూ ఉండండి, కప్పకండి. దారిన పోయే నలుగురు తమ సీసాలిచ్చారు. పది నిమిషాలు. ఒగర్పు శబ్దం మారింది. అది తలెత్తి అమ్మాయి చేతిని నాకింది. ఆ పిల్ల ఏడ్చేసింది.

ఇప్పుడు తువ్వాలు మీద పడుకోబెట్టి, నాలుగు కొసలూ నలుగురు పట్టుకుని దించండి. కారులో ఏసీ పెట్టి, కిటికీ కాస్త తెరిచి, నేరుగా ఆసుపత్రికి. "లేచిందిగా ఆంటీ, ఇంటికి తీసుకెళ్తాం" అన్నాడు అబ్బాయి. లేచినా సరే, వెళ్ళాలి. వడదెబ్బ లోపల చేసిన నష్టం ఒకటి రెండు రోజుల తరవాత బయటపడొచ్చు. రక్తపరీక్ష చేయించాలి. వాళ్ళ సంచీలో చూశారా, అరలీటరు సీసా ఒకటి. ఇద్దరికీ, హస్కీకీ కలిపి. ఆ పిల్లల మీద నాకు కోపం లేదు. ఈ ఊళ్ళో ఆ జాతిని పెంచి అమ్మేవాళ్ళ మీద ఉంది.

ఎనిమిదిన్నర దాటింది. మీ అరచేతి వెనక భాగం ఈ బండకు ఆనించండి. ఏడు సెకన్లు లెక్కపెట్టండి. నాలుగుకే తీసేశారు. పొద్దున చల్లగా ఉన్న బండే ఇది. కర్రి పాదాలు కూడా చర్మమే, దాన్ని చెట్ల నీడన, మట్టి మీదుగా నడిపించండి.

కారు దగ్గర ఇంకో పది నిమిషాల పనుంది. వెనక సీట్లోకి ఎక్కించకముందే ఒళ్ళంతా తడిమి చూడాలి. చెవుల లోపల, మెడపట్టీ కింద, చంకల్లో, తోక కింద, వేళ్ళ సందుల్లో. ఇదిగో, కుడిచెవి మడతలో, శనగగింజ అంత ఉంది. పిడుదు. చిమటాతో చర్మానికి ఆనించి పట్టి, తిప్పకుండా, నెమ్మదిగా నేరుగా లాగండి. కిరసనాయిలు, అగ్గిపుల్ల లాంటి వైద్యాలు వద్దు. దాన్ని రెచ్చగొడితే లోపలిదంతా కక్కేస్తుంది. హైదరాబాదులో కుక్కలను ఏడాది పొడుగునా పీడించే టిక్ ఫీవర్ వీటితోనే వస్తుంది. వారానికో, రెండు మూడు వారాలకో జ్వరం, తిండి మానెయ్యడం, చిగుళ్ళు పాలిపోవడం కనబడితే, గుట్టకు తీసుకెళ్ళాం అని డాక్టరుకు చెప్పండి. వేళ్ళ సందులో ఒక పల్లేరు కాయ, తోకకు నాలుగు ఉత్తరేణి గింజలు. దువ్వెయ్యండి. సూదిమొన గడ్డి గింజలయితే చర్మంలోకి దారి చేసుకుని లోపలికి పోతాయి, తల ఆడిస్తూ చెవి గోక్కుంటుంటే ముందు వాటినే అనుమానించాలి.

నీలం కవరు మీ సంచీలోనే ఉందిగా? ఇంటికి తీసుకెళ్ళి చెత్తబండిలో వెయ్యండి.

ఇంకో మూడు వారాల్లో ఎండలు ముదురుతాయి. మే నెలంతా నేను కర్రిని ఏ గుట్టకూ తీసుకురాను, ఐదింటికైనా సరే. రాత్రి కూడా ఆ రాయి చల్లారదు. జూన్‌లో రెండు మంచి వానలు పడ్డాక రండి, కలిసి ఎక్కుదాం. అప్పటికి మీరు సొంత కుక్కతో వచ్చేటట్టయితే దానికి రేబిస్ టీకా వేయించి ఏడాది దాటిపోలేదని చూసుకోండి, డిస్టెంపర్, లెప్టో టీకాలు కూడా. వానాకాలంలో గోండ్రు కప్పలు బయటికొస్తాయి, వాటిని కరిచిన కుక్క నురగలు కక్కుతుంది. నీళ్ళు మూడు కాదు, నాలుగు లీటర్లు తెచ్చుకోండి.